ముఖం మీద నీడ వెయ్యాలా వద్దా: చైనా, యూరప్ రూపచిత్రాల్లో ఎవరిని చూసి నేర్చుకోవాలి

మా పెద్దమ్మను కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి ఆయిల్ రంగుల్లో ఆవిడ బొమ్మ వేశాను. ఎడమ చెంప మీద వెలుగు, కుడి చెంప మీద నీడ, ముక్కు పక్కన ఇంకాస్త ముదురు నీడ. మూడు పూటల పని. పూర్తయ్యాక ఆవిడ కళ్లజోడు పెట్టుకుని దగ్గరగా చూసి, "పోలిక బానే కుదిరిందిరా. సగం మొహానికి మసెందుకు పూశావు?" అంది.

ఆవిడకు బొమ్మ చూడటం తెలియదనుకున్నాను అప్పుడు. తర్వాత ఒక సంగతి చదివి ఆ అభిప్రాయం మార్చుకున్నాను. 1793లో మెకార్ట్నీ నాయకత్వంలో బ్రిటన్ రాయబార బృందం చైనా చక్రవర్తి దగ్గరికి వెళ్లింది. కానుకల్లో యూరప్‌లో పేరున్న చిత్రకారులు వేసిన పోర్ట్రెయిట్లు ఉన్నాయి. వాటిని చూసిన అధికారులు, ఈ మనుషులకు నిజంగానే మొహం ఒకవైపు ఒక రంగూ ఇంకోవైపు ఇంకో రంగూ ఉంటుందా అని అడిగారట. ముక్కు నీడ వాళ్లకు పెద్ద లోపంగా కనిపించింది. పొరపాటున పడ్డదేమో అనుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ బృందంలో ఉన్న జాన్ బారో తన యాత్రా గ్రంథంలో ఇది రాశాడు. ఆయన దీన్ని వాళ్లకు కళ తెలియకపోవడంగా లెక్కగట్టాడు. నేను అలా లెక్కగట్టలేను. నీడ ఆ పూట వెలుగుది, మొహం ఆ మనిషిది. మొహం గీయమంటే వెలుగును ఎందుకు గీశావని అడగడం న్యాయమైన ప్రశ్నే. పాస్‌పోర్టు ఫొటోకి వెళ్తే మొహం మీద నీడ పడకుండా స్టూడియో అతను రెండు వైపులా లైట్లు పెడతాడు. మనిషిని గుర్తుపట్టడానికి నీడ అడ్డమని మనమూ ఒప్పుకున్నట్టే కదా.

పోర్ట్రెయిట్ నేర్చుకునేవాళ్లు ఎవరి బొమ్మలు చూసి సాధన చెయ్యాలని అడిగినప్పుడు ఎక్కువమంది డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ పేరు చెప్తారు. నేను మాత్రం 1600 నుంచి 1850 దాకా చైనా, యూరప్ చిత్రకారులు ఒకరి పని ఒకరు చూసుకున్న కాలాన్ని చూడమంటాను. నీడ ఉండాలా వద్దా అన్న ఒక్క ప్రశ్నకు అక్కడ నాలుగు వేరువేరు జవాబులున్నాయి. ఆయిలా, వాటర్ కలరా అన్నది తర్వాత సంగతి. ముందు ఈ జవాబు తేల్చుకోవాలి.

నీడనే నమ్ముకున్న దారి

దీని గురించి ఎక్కువ చెప్పను, మన ఆర్ట్ స్కూళ్లలో నేర్పేది దాదాపు ఇదే. ఒక్క బొమ్మ చూస్తే చాలు. షెన్ ఫుజోంగ్ అనే చైనా క్రైస్తవుడు జెసూట్ అనే కాథలిక్ సంఘం పాద్రీలతో కలిసి యూరప్ వెళ్లాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చైనా పుస్తకాల పట్టిక తయారుచెయ్యడానికి సాయపడ్డాడు. 1687లో రాజు రెండో జేమ్స్ కోసం గాడ్‌ఫ్రీ నెల్లర్ అతని నిలువెత్తు బొమ్మ వేశాడు. అది ఇప్పటికీ బ్రిటన్ రాజకుటుంబ సేకరణలో ఉంది. చేతిలో శిలువ, తల పైకెత్తి వెలుగు వచ్చే దిక్కుకు చూపు. ఆ బొమ్మలో వెలుగు కూడా ఒక పాత్రే. అది తీసేస్తే కథే లేదు.

మీరు చెప్పదలచుకున్నది మనిషి కన్నా ఒక క్షణం గురించైతే, అంటే ప్రార్థనో దుఃఖమో ఎదురుచూపో అయితే, ఈ దారి పట్టండి. ఇంట్లో పెద్దవాళ్ల బొమ్మకైతే వద్దు.

ముందు ఎముక, తర్వాత రంగు: జెంగ్ జింగ్

జెంగ్ జింగ్ 1564లో ఫుజియాన్ ప్రాంతంలో పుట్టి, నాన్‌జింగ్‌లో పేరు తెచ్చుకుని, 1647లో పోయాడు. అప్పట్లో ఆయన బొమ్మల గురించి రాసినవాళ్లు, అద్దంలో నీడ పట్టినట్టుండేవని, ఒక్కో మొహానికి పదుల కొద్దీ పూతలు వేసేవాడని చెప్పారు. ఇక్కడ ఒక చిన్న ముచ్చట. అద్దంలో కనిపించే ప్రతిబింబాన్ని మనమూ నీడ అనే అంటాం. చైనా మాట 'యింగ్' కూడా అంతే: నీడకూ, ప్రతిబింబానికీ, బొమ్మకూ అదే మాట. మాటల్లో అంత దగ్గరగా ఉన్న రెంటినీ కాగితం మీద వేరుచెయ్యడమే జెంగ్ జింగ్ చేసిన పని. ఆయన మొహాల్లో ఎత్తుపల్లాలు తెలుస్తాయి కానీ దీపం ఎటువైపు ఉందో తెలియదు.

పద్ధతిని 18వ శతాబ్దంలో జాంగ్ గెంగ్ అనే రచయిత చక్కగా వివరించాడు. అప్పుడు రెండు బాణీలుండేవి. ఒకటి యాంగ్జీ నదికి దక్షిణాన ఉన్న చిత్రకారులది: పలచటి సిరాతో కళ్లు ముక్కు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకుని, మిగతాదంతా రంగుతోనే తేల్చడం. రెండోది జెంగ్ జింగ్‌ది: ముందు సిరాతోనే మొహం మొత్తం నిలబెట్టాలి. కంటి గుంట, చెక్కిలి ఎముక, ముక్కు పుటాల అంచు అన్నీ సిరాలోనే కుదరాలి. దీన్ని 'సిరా ఎముక' అన్నారు. రంగు ఆ తర్వాత వస్తుంది, అదీ వయసునూ మొహంలోని కళనూ తెలపడానికే. మనిషి స్వభావం ఎముకలోనే వచ్చేసి ఉంటుందని జాంగ్ గెంగ్ మాట.

మత్తెయో రిచ్చి అనే ఇటలీ పాద్రీ 1599లో నాన్‌జింగ్‌లో కాపురం పెట్టాడు. ఆయన దగ్గర యూరప్ మతచిత్రాలు ఉండేవి. జెంగ్ జింగ్ వాటిని చూసే ఈ పూతల పద్ధతి పట్టుకున్నాడని కొందరు పండితులు, కాదు అది చైనాలో ముందునుంచీ ఉన్నదేనని మరికొందరు వాదించారు. నా మట్టుకు రెండో మాటే సరిగా తోస్తుంది. 1616లో ఆయన వేసిన వాంగ్ షిమిన్ బొమ్మ చూడండి, తియాంజిన్ మ్యూజియంలో ఉంది. చాప మీద కూర్చున్న కుర్రవాడు, తెల్లటి బట్టలు. బట్టలకు గీతలు తప్ప ఏమీ లేదు. పనంతా మొహం మీదే. యూరప్ బొమ్మ చూసి నేర్చుకున్నవాడైతే బట్ట మడతల్లోనూ కాస్త వెలుగునీడ పెట్టకుండా ఉండలేడు.

వాటర్ కలర్ వేసేవాళ్లకు ఇంతకంటే మంచి గురువు లేడు. ఖర్చు తక్కువ, సరంజామా తక్కువ, ఓపిక మాత్రం చాలా కావాలి. ఒక పూత పూర్తిగా ఆరకముందే ఇంకోటి వేస్తే మొహం బురద అవుతుంది. నేను బర్న్‌ట్ సియెన్నా, ఎల్లో ఆకర్ అనే ఎర్రమట్టి, పసుపుమట్టి రంగులు రెండిటినీ బాగా నీళ్లు కలిపి, ఎనిమిది పది పూతలు వేస్తాను. మూడో పూతదాకా ఏమీ జరగనట్టే ఉంటుంది. ఆరో పూతకు చెంప లేస్తుంది.

ఈ దారిలో మరో లాభం ఉంది, అది కుంచెకు సంబంధించింది కాదు. 14వ శతాబ్దంలో వాంగ్ యీ అనే చిత్రకారుడు పోర్ట్రెయిట్ మీద చిన్న రచన చేశాడు. ఎదుటి మనిషిని మట్టిబొమ్మలా బిర్రబిగుసుకుని కూర్చోమనే చిత్రకారులకు నూటికో కోటికో కూడా పోలిక కుదరదని అందులో అంటాడు. అతన్ని మాట్లాడనివ్వాలి, నవ్వనివ్వాలి, పాడనివ్వాలి. అసలు స్వభావం అప్పుడే బయటపడుతుంది. చిత్రకారుడు నెమ్మదిగా దాన్ని మనసులో పట్టుకుని తర్వాత గీయాలి. నీడను వదిలేసినవాడికే ఇది కుదురుతుంది. నీడను నమ్ముకుంటే మనిషి తల అంగుళం తిప్పినా బొమ్మ చెడుతుంది.

ఎదురు వెలుగు: లాంగ్ షినింగ్ అనే కాస్తిల్యోనే

జుసెప్పె కాస్తిల్యోనే 1688లో మిలన్‌లో పుట్టాడు. జెసూట్ సంఘంలో చేరి 1715లో చైనా చేరుకున్నాడు. అక్కడ లాంగ్ షినింగ్ అన్న పేరుతో కాంగ్‌షీ, యోంగ్‌జెంగ్, కియాన్‌లోంగ్ ముగ్గురు చక్రవర్తుల కొలువులో బొమ్మలు వేసి, 1766లో బీజింగ్‌లోనే కన్నుమూశాడు. యాభై ఏళ్లు. ఇటలీలో చేతికి అలవాటైన చిక్కటి నీడల్ని ఆయన మానుకోవాల్సి వచ్చింది. నేను ఆయన్ని ఇష్టపడేది అందుకే. మానుకున్నాక చేతిలో ఏం మిగిలిందో ఆయన బొమ్మల్లో కనిపిస్తుంది.

ఏం చేశాడంటే, దీపాన్ని పక్కనుంచి తీసి ఎదురుగా పెట్టాడు. ఎదురు వెలుగులో మొహానికి రెండు రంగులుండవు. కానీ గుండ్రం మాత్రం పోదు, ఎందుకంటే అంచుల దగ్గర చర్మం మన నుంచి పక్కకు తిరుగుతూ కొద్దిగా ముదురుతుంది. ముక్కుకు రెండు పక్కలా, కింది పెదవి కింద, గడ్డం కింద, కణతల దగ్గర, అంతే. ఆ ముదురు కూడా నలుపు కాదు, చర్మం రంగే ఇంకాస్త చిక్కగా.

దీన్ని కళ్లారా చూడాలంటే అమెరికాలోని క్లీవ్‌లాండ్ మ్యూజియం వాళ్ల వెబ్‌సైట్‌లో కియాన్‌లోంగ్ చుట్టచిత్రం (చుట్టలా చుట్టిపెట్టే పొడవాటి బొమ్మ) తెరవండి. 1736లో పాతికేళ్ల కొత్త చక్రవర్తి, పక్కన పట్టపురాణి, తర్వాత పదకొండు మంది రాణులు, పట్టు మీద వరసగా. మొదటి మొహాల దగ్గర బాగా జూమ్ చెయ్యండి. చక్రవర్తి ముక్కు ఎక్కడ మొదలైందో చెప్పే గీత కోసం వెతకండి. గీత దొరకదు, ముక్కు మాత్రం ఉంది. తర్వాత చివరి రాణుల వైపు జరగండి. ఆ మొహాలు వేరే చేతులవని పండితులు అంటారు. చూస్తుంటే మనకూ తెలుస్తుంది: అక్కడ అదే ఎదురు వెలుగు ఉంది, లోపలి గుండ్రం తగ్గింది. ఈ దారిలో ఉన్న ప్రమాదం అదే. డ్రాయింగ్ గట్టిగా లేకపోతే మొహం పళ్లెంలా బల్లపరుపుగా తయారవుతుంది. దాచిపెట్టడానికి నీడ ఉండదు.

పని విభజన కూడా గమనించదగ్గది. ఏం వెయ్యాలన్నా ముందు నమూనా చూపించి చక్రవర్తి ఆమోదం తీసుకోవాలి. మొహం యూరప్ పద్ధతి తెలిసినవాళ్లు వేస్తే, బట్టలో కొండలో చెట్లో చాలాసార్లు చైనా చిత్రకారులు వేసేవారు. 1760లో యుద్ధాల్లో గెలిచిన 100 మంది అధికారుల బొమ్మలు ఇలాగే ఆస్థానంలో తయారయ్యాయి. వాటిలో అంగరక్షకుడు జాన్‌యిన్‌బావో బొమ్మ న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. మొహం చేత్తో తడిమి చూడొచ్చన్నట్టుంటుంది. బట్టలు, వాటి మడతలు మాత్రం కుంచె గీతలతో నడుస్తాయి. ఒకే బొమ్మలో రెండు చూపులు.

ఇందులో అందరూ సంతోషించలేదు. కాస్తిల్యోనే తర్వాత వచ్చిన ఫ్రెంచ్ పాద్రీ అత్తిరే 1743లో రాసిన ఉత్తరంలో, తాను నేర్చుకున్నదాన్ని మర్చిపోయి కొత్త పద్ధతి నేర్చుకోవాల్సి వచ్చిందని వాపోయాడు. ఇటు చైనా పండిత చిత్రకారుడు జౌ యిగుయి, పాశ్చాత్యుల కొలతలు వెంట్రుకవాసి తప్పవని మెచ్చుకుంటూనే, కుంచె నడక వాళ్లకు లేదని, నేర్పున్నా అది పనివాడి పనేనని, చిత్రకళ అనిపించుకోదని తేల్చేశాడు. రెండు వైపులా సగం సగం నచ్చని పని ఇది. నాకు మాత్రం ఈ రాజీలోంచి పుట్టిన మొహాలు రెండు వైపుల నియమాల కంటే ఎక్కువ బతికాయనిపిస్తుంది.

ఎదురు వెలుగు కోసం లైట్లేవీ కొనక్కర్లేదు. మనిషిని వీధి వాకిలికి ఎదురుగా, గుమ్మానికి నాలుగడుగులు లోపల కూర్చోబెట్టండి. మీరు గుమ్మంలో వెలుగుకు వీపు పెట్టి కూర్చోండి. ఉదయం తొమ్మిదింటికి, నేరుగా ఎండ పడని వాకిలైతే మరీ మంచిది.

కాంటన్ వీధి దుకాణం: లామ్‌క్వా

చైనావాళ్లు యూరప్ ఆయిల్ రంగులు పట్టుకోవడం రిచ్చి కాలంలోనే మొదలైంది. 1610లో రిచ్చి చనిపోయినప్పుడు యో వెన్‌హుయ్ అనే మకావు (చైనా తీరంలో పోర్చుగీసుల స్థావరం) చిత్రకారుడు ఆయన బొమ్మను ఆయిల్‌లో వేశాడు. అది ఇప్పుడు రోమ్‌లో ఉంది. కానీ ఆయిల్ పోర్ట్రెయిట్ బజారు పనిగా మారింది 18, 19 శతాబ్దాల కాంటన్‌లో, అంటే ఇప్పటి గ్వాంగ్‌జౌలో. అక్కడ విదేశీ వర్తకుల కోసం బొమ్మలు వేసే దుకాణాలు వరసగా వెలిశాయి. అన్నిట్లో పేరున్నది లామ్‌క్వాది. అసలు పేరు గువాన్ చియావ్‌చాంగ్.

లామ్‌క్వా కథలో మన హైదరాబాదుకూ ఒక ముడి ఉంది. జార్జ్ చిన్నరీ అనే లండన్ చిత్రకారుడు 1802లో మద్రాసు వచ్చాడు. 1805లో అక్కడ ఇద్దరు పిల్లల బొమ్మ వేశాడు: హైదరాబాద్‌లో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి (రెసిడెంట్) జేమ్స్ కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసా దంపతుల కొడుకూ కూతురూ. హైదరాబాదీ దర్బారు దుస్తుల్లో పక్కపక్కన నిలబడి ఉంటారు. ఆ వెంటనే పిల్లలు ఇంగ్లండ్ ఓడ ఎక్కారు. తల్లి వాళ్లను మళ్లీ చూడలేదు. కోఠిలో ఆ రెసిడెన్సీ భవనం ముందునుంచి వెళ్లినప్పుడల్లా నాకు ఆ రెండు మొహాలే గుర్తొస్తాయి. చిన్నరీ తర్వాత కలకత్తా వెళ్లి, అప్పులపాలై, 1825లో మకావుకు పారిపోయాడు. 1852లో చనిపోయేదాకా ఆ ప్రాంతంలోనే ఉన్నాడు. ఆ పిల్లల బొమ్మ కూడా ఇప్పుడు హాంకాంగ్‌లో, హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకు సేకరణలో ఉంది.

లామ్‌క్వా తాను చిన్నరీ శిష్యుణ్ణని చెప్పుకున్నాడు. చిన్నరీ ఒప్పుకోలేదు. చేతి తీరు చూస్తే లామ్‌క్వా మాటే నిజమనిపిస్తుంది: పక్కనుంచి వెలుగు, తడితడిగా తిరిగే కుంచె, ముదురు నేపథ్యం, అన్నీ చిన్నరీవే. తక్కువ ధరకు వేసి ఆయన బేరాలే లాక్కున్నాడు. లండన్ రాయల్ అకాడమీ ప్రదర్శనకు కూడా లామ్‌క్వా బొమ్మలు వెళ్లాయి.

అయితే నేను మీకు చూపించాలనుకుంటున్నవి వర్తకుల బొమ్మలు కావు. 1835లో పీటర్ పార్కర్ అనే అమెరికన్ వైద్య మిషనరీ కాంటన్‌లో ఆస్పత్రి తెరిచాడు. పెద్ద పెద్ద కణితులతో వచ్చిన రోగుల బొమ్మలు లామ్‌క్వా చేత వేయించాడు. మత్తుమందు ఇంకా రాని రోజుల్లో మొదలైన పని అది. లామ్‌క్వా దగ్గరి బంధువు ఒకడు అదే ఆస్పత్రిలో శస్త్రచికిత్స నేర్చుకుంటున్నాడు. కోతకు డబ్బు తీసుకోనప్పుడు బొమ్మకు తానెలా తీసుకుంటానని లామ్‌క్వా అన్నట్టు పార్కర్ రాశాడు. ఎనభైకి పైగా బొమ్మలు ఇప్పుడు యేల్ విశ్వవిద్యాలయ వైద్య గ్రంథాలయంలో ఉన్నాయి, కొన్ని లండన్‌లో ఉన్నాయి.

చూడటం కష్టం, ముందే చెప్తున్నాను. కానీ చూపు కణితి నుంచి మొహానికి జరిగితే అక్కడ ఒక్క మొహం కూడా జాలి అడగదు. ఆ మనిషి మామూలుగా కూర్చుని మనల్ని చూస్తుంటాడు. నీడ యూరప్‌ది, ఆ నిబ్బరం జెంగ్ జింగ్ బొమ్మల్లోది. రెండు దేశాల మొహాలు కలిసిన ఈ రెండున్నర శతాబ్దాల పనిలో నాకు అన్నిటికంటే గొప్పవి ఇవే.

మరి మీకేది

ఎదుటి మనిషి దగ్గర కూర్చుని మాట్లాడే వీలుంటే, చేతిలో వాటర్ కలర్ ఉంటే, జెంగ్ జింగ్‌తో మొదలుపెట్టండి. కొత్తవాళ్లకు నా సలహా ఎప్పుడూ ఇదే. సిరా ఎముక కుదరని చేతికి మిగతా మూడు దారులూ పనికిరావు.

ఫొటో చూసి వేస్తుంటే ముందు ఫొటోలో వెలుగు చూడండి. ఫోన్ ఫ్లాష్‌తో తీసిందైతే అది కాస్తిల్యోనే వెలుగే, ఆయన పద్ధతిలోనే వెళ్లండి. పక్కనుంచి కిటికీ వెలుగు ఉంటే లామ్‌క్వా. పాత స్టూడియోలో రీటచ్ చేసిన నలుపు తెలుపు ఫొటో అయితే మొహంలో అసలు నీడ ఏదో స్టూడియో పెన్సిల్ ఏదో తేలదు. దాన్ని నమ్మి నీడ వెయ్యకండి, ఎముక పట్టుకుని పూతలు వేసుకోండి. లేని నీడను ఊహించి వేసిన మొహం ఎవరిదో వేరేవాళ్లదిలా తయారవుతుంది. ఇది చాలామంది చేసే తప్పు.

తాతయ్యలు, అమ్మమ్మలు, గోడకు వేలాడదీసి ఇంటిల్లిపాదీ రోజూ చూసే బొమ్మలకు కాస్తిల్యోనేని మించిన దారి లేదు. ఆయిల్‌లోనైనా యాక్రిలిక్‌లోనైనా కుదురుతుంది. జబ్బు, శ్రమ, వయసు దాచకుండా చెప్పాలనుకుంటే లామ్‌క్వా. ఆయిల్‌కు రంగుల ఖర్చూ ఆరేదాకా ఆగే రోజులూ లెక్కలో పెట్టుకోండి.

తేల్చుకోలేకపోతే ఒకే మనిషిని మూడు రకాలుగా చిన్న సైజులో వెయ్యండి, అరచేయంత చాలు. కిటికీ పక్కన ఒకటి, వాకిలికి ఎదురుగా ఒకటి, మాట్లాడుతూ తిరుగుతుంటే సిరాతో ఒకటి. మూడూ ఆ మనిషికే చూపించి, ఏది నువ్వు అని అడగండి.

మీకు నచ్చిందీ వాళ్లకు నచ్చిందీ వేరైతే అదీ పాత సమస్యే. చైనా రాజమాత త్సిషీ 1903లో పారిస్‌లో చదువుకున్న అమెరికన్ చిత్రకారిణి కాథరిన్ కార్ల్ చేత బొమ్మ వేయించుకుంటూ మొహం మీద నీడలు వద్దని పట్టుబట్టింది. 1905లో డచ్ వాడైన హ్యూబర్ట్ వోస్ వచ్చాడు. ఆమె కోరినట్టు పడుచుగా, నీడ లేకుండా ఒకటి వేసి ఇచ్చాడు, అది బీజింగ్ సమ్మర్ ప్యాలెస్‌లో ఉంది. తన కంటికి కనిపించినట్టు ఇంకోటి వేసుకున్నాడు, అది హార్వర్డ్ మ్యూజియంలో ఉంది.

నేనూ అదే చేశాను. వాకిలికి ఎదురుగా కూర్చోబెట్టి వేసిన పెద్దమ్మ బొమ్మ వాళ్ల హాల్లో ఉంది. కిటికీ పక్కన వేసింది నా గదిలో ఉంది.